పాత వాక్యూమ్ క్లీనర్లు రిపేరుకి ఇచ్చినవాళ్లకు

బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి నుంచి మిషన్లు ఇచ్చినవాళ్లందరికీ నమస్కారం. "ఇంకా ఎన్నాళ్లండీ?" అని రోజూ ఫోన్లు. ఉన్నదున్నట్టు చెప్తాను: దసరాలోపు ఇవ్వలేను. అప్పటిదాకా కొత్తవి తీసుకోను కూడా.

వానలే కారణం. మన సముద్రపు గాలికి పాత మోటారు వైండింగుకి (లోపలి తీగ చుట్టకి) తేమ పట్టిందంటే ఓ పట్టాన వదలదు. బల్బు వేడికి ఆరబెట్టి, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) రీడింగ్ సరిగ్గా వచ్చాకే కరెంటు ఇస్తున్నా. తొందరపడి ప్లగ్గు పెడితే కాయిల్ కాలి, రీవైండింగ్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

గుడ్డ చుట్టిన పాత వైరు మాత్రం ఎవరు బతిమాలినా ఉంచను. పైకి శుభ్రంగానే ఉంటుంది, కాస్త వంచితే లోపలి రబ్బరు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఒరిజినలే కావాలంటే కవర్లో పెట్టి ఇస్తాను, షోకేసులో దాచుకోండి. మోటారులో రాగి పట్టీలుండే కమ్యుటేటర్‌ని ఎమరీ కాగితంతో రుద్దించుకు రాకండి. ఆ పొడి రాగి పట్టీల మధ్య ఇరుక్కుంటే షార్ట్ అవుతుంది. రేటు పాతదే, వైరు ఖర్చు అదనం.

ఇక వయసు సంగతి. అమ్మితే నాలుగు డబ్బులొస్తాయని "1950 నాటిది" అని రాసిమ్మంటున్నారు కొందరు. రాయను. ఒకాయన యూరోక్లీన్ అనే వాక్యూమ్ క్లీనర్ తెచ్చి, తాతగారు ఇంగ్లీషు దొర దగ్గర కొన్నారన్నారు. అది అమ్మిన యురేకా ఫోర్బ్స్ మొదలైందే 1982లో! దొర కాదండీ, టై కట్టుకుని ఇంటింటికీ తిరిగిన సేల్స్‌మన్ అయ్యుంటాడు.

నేను నమ్మేది మిషన్ మీద వివరాలుండే ప్లేటుని, గ్యారంటీ కార్డుని. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ కార్డు 1972 ఆగస్టు 15కి ముందు అచ్చయింది కాదు. ముంబై అని ఉంటే 1995 తర్వాతదనుకోవచ్చు. పేటెంట్ నంబరుతో మాత్రం జాగ్రత్త. ఒకే నంబరుని ఏళ్ల తరబడి కొడుతూనే ఉంటారు. మోడల్ పేరూ అంతే. గుండ్రటి హూవర్ కాన్‌స్టెలేషన్ 1950లలో వచ్చింది నిజమే, కానీ తర్వాత కూడా చాలాకాలం తయారైంది. పేరు చూసి మీ మిషన్ తొలి ఏడాదిదని ఎలా రాయను?

ప్లేటు మీద 110 వోల్టులని ఉంటే ఇంట్లో ప్లగ్గు పెట్టి చూడకండి, నేరుగా తీసుకురండి. మూత లోపల కాగితపు స్టిక్కర్ కనబడితే తడిగుడ్డతో తుడవకండి. నాకు కావలసిన అంకెలు చాలాసార్లు దాని మీదే ఉంటాయి.