పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్మేవారికీ లైసెన్సు ఉండాలి

సంపాదకుల వారికి,

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, జయపురం పట్టణాల్లో పాత డాబాలు కొని, నాలుగు నెలల్లో హంగులు దిద్ది అమ్మడం మంచి వ్యాపారమైంది. ఇందులో దిగడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ప్రజాపనుల శాఖలో కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ సర్కారు పనుల కోసమే. కట్టుబడి లోపాలకు అయిదేళ్లు బిల్డరే బాధ్యుడన్న 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టమేమో 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 డెసిమల్ (సెంట్లు) మించని స్థలాలను వదిలేసింది. మన ఊళ్లలో చేతులు మారే పాత ఇళ్లు చాలావరకు ఆ లోపువే.

అసలు ప్రమాదం స్లాబు దగ్గర. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి పాత స్లాబుల్లో ఊచలు తుప్పుపడతాయి. తుప్పుపట్టిన ఊచ ఉబ్బి, కింది కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. ఊచ వెనక కూడా ముప్పాతిక అంగుళం ఖాళీ వచ్చేదాకా తొలిచి, తుప్పు గీకి, మందం బాగా తగ్గినచోట కొత్త ఊచ జతకట్టి, జింకు ప్రైమరు పూసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపాలి. చేస్తున్నదేమిటి? తుప్పు మీదే సిమెంటు మెత్తి, పుట్టీ లాగి, కింద ఫాల్స్ సీలింగు బిగించేస్తున్నారు. లోపల తుప్పు ఆగదు, పైకి కనపడదు.

హాలు పెద్దది చెయ్యాలని గోడలు తీయడం మరొకటి. పిల్లర్లు లేని పాత ఇంట్లో 9 అంగుళాల గోడ స్లాబును మోస్తుంటుంది. జాకీలు నిలిపి, ఇంజనీరు లెక్కగట్టిన బీము వేయకుండా దాన్ని ముట్టుకోకూడదు.

బల్బులు, ఫ్యూజుల వంటివి మార్చడం తప్ప వైరింగ్ పనంతా లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలని విద్యుత్ భద్రతా నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. కరెంటుకున్న నియమం స్లాబుకు ఎందుకు ఉండకూడదు?

కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిసుంటే అమ్మేవాడు చెప్పితీరాలని 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటుంది. కానీ అది అతనికి తెలుసని కోర్టులో రుజువు చెయ్యడం కొన్నవాడి వల్ల అయ్యే పని కాదు. అందుకే పురపాలక సంఘాలు లైసెన్సు పెట్టాలి. స్లాబు మూసేముందు ఇంజనీరు తనిఖీ, ఆ దశ ఫొటోలు, వైరింగ్ పరీక్ష నివేదిక అమ్మకం కాగితాలతో ఇవ్వాలన్నది షరతు కావాలి. సొంతంగా ఉండటానికి బాగుచేసుకునేవారిని ఇందులోకి లాగనక్కర్లేదు.

అప్పటిదాకా, కొనేవారు బయానా ఇచ్చేముందు సీలింగు లైటొకటి ఊడదీయించి, ఆ కన్నంలోంచి టార్చి వేసి స్లాబు చూడాలి. కర్రతో తడితే గుల్ల మోత వచ్చినచోట పెచ్చు లేచినట్టే.

— ఒక సివిల్ ఇంజనీరు, బరంపురం, గంజాం జిల్లా