మా పండు మొరగకపోయినా షాక్ కొడుతున్న మీ కాలర్ గురించి

విశాఖపట్నం,
సెప్టెంబరు 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: కుక్క మొరుగుడు మాన్పించే కాలర్‌లో లోపం, ప్రకటనలో అబద్ధాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

జూన్ నెలలో మీ వెబ్‌సైట్‌లో 2,799 రూపాయలు పెట్టి కొన్న కాలర్ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ కస్టమర్ కేర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా కొత్త అబ్బాయి ఎత్తుతాడు. కథంతా మొదటినుంచి చెప్పించుకుంటాడు. చివరికి "సెట్టింగ్ తగ్గించి చూడండి మేడమ్" అంటాడు. సెట్టింగ్ ఒకటి మీదే ఉంది. అంతకంటే కిందికి దించడానికి అందులో మీట లేదు. ఫోన్లో తేలే వ్యవహారం కాదని అర్థమైంది కాబట్టి రాతపూర్వకంగా పంపుతున్నాను.

మేము ఎం.వి.పి. కాలనీలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. మా పండు జాతి కుక్క కాదు, వీధిలో పుట్టినవాడే. ఇప్పుడు మూడేళ్లవాడు. లిఫ్ట్ చప్పుడైనా, కింద వీధి కుక్కలు అరిచినా బాల్కనీ గ్రిల్‌కి అతుక్కుపోయి మొరిగేవాడు. కింది ఫ్లాట్‌లో పెద్దాయనకి బీపీ ఉంది. ఎదురింటి అమ్మాయి ఎంసెట్‌కి చదువుతోంది (పేరు మారి ఈఏపీసెట్ అయిందిగానీ మా అపార్ట్‌మెంట్లో అందరూ ఎంసెట్ అనే అంటారు). వాళ్లకి నిద్ర కావాలి, అది న్యాయమే. కుక్కని పెంచుకోకూడదని ఏ అసోసియేషనూ తీర్మానం చేయడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయని నాకు తెలుసు. అర్ధరాత్రి నిద్ర చెడి తలుపు కొట్టిన మనిషికి ఆ కాగితం చూపించి ప్రయోజనం ఏముంటుంది? ఆ టెన్షన్‌లో ఉండగా మీ ప్రకటన కనబడింది. ఏ కుక్కకైనా పనికొస్తుందన్నారు. నొప్పి ఉండదన్నారు. రోజంతా మెడకి ఉంచవచ్చన్నారు. పశువైద్యులు సిఫారసు చేస్తున్నారన్నారు. ఏ పశువైద్యుడో మాత్రం ఎక్కడా రాయలేదు.

అసలు సంగతి ముందు కనిపెట్టింది మా అత్తయ్య. ఓ మధ్యాహ్నం పండు ఫ్యాన్ కింద, సోఫా పక్కన పడుకుని ఉన్నాడు. కింద వీధి కుక్కలు ఏదో బైక్ వెంటపడి మొరిగాయి. వీడు చెవులు నిక్కించాడే తప్ప నోరు తెరవలేదు. ఒక్కసారిగా మెడ పక్కకి గుంజుకున్నాడు, కుయ్యిమన్నాడు, మార్బుల్ మీద గోళ్లు జారిపోతుంటే పరిగెత్తి మంచం కింద దూరాడు. "ఆడు నోరే తెరవనేదు కదే, ఎందుకలా ఏడుస్తన్నాడు?" అంది అత్తయ్య. ఆవిడది శ్రీకాకుళం వైపు. కుక్కలంటే పెద్ద ఇష్టమేమీ లేదు. అలాంటావిడే ఆ రోజు మంచం కింద చెయ్యి పెట్టి వాణ్ణి నిమిరింది.

కాలర్ విప్పి, మీ పెట్టెలోనే వచ్చిన, షాక్ కొడితే వెలిగే చిన్న టెస్ట్ బల్బుని, మెడకి ఆనుకుని షాక్ కొట్టే ఆ రెండు ఇనుప మొనలకి తగిలించి, డైనింగ్ టేబుల్ కుర్చీకి వేలాడదీశాను. వంటింట్లో పప్పు కుక్కర్ విజిల్ వేసింది. బల్బు వెలిగింది. కుర్చీ మొరగలేదని మీరూ ఒప్పుకుంటారనుకుంటాను. తర్వాత పక్కింటి కాలింగ్ బెల్‌కి వెలిగింది. సింక్‌లో స్టీలు గిన్నె పడితే వెలిగింది. బీచ్ వైపు నుంచి నేవీ హెలికాప్టర్ కాస్త కిందుగా వెళ్తే వెలిగింది. ఇదంతా మా వారు ఫోన్లో వీడియో తీశారు, జత చేస్తున్నాను.

ఇందులో గొప్ప సైన్సేమీ లేదు. కుక్క మొరిగితే దాని గొంతు అదురుతుంది. కాస్త బుద్ధిగా తయారుచేసిన కాలర్ ఆ అదురునీ, శబ్దాన్నీ రెండింటినీ చూసుకుని, రెండూ ఒకేసారి ఉంటేనే పనిచేస్తుంది. మీరు పెట్టింది ఒక్క మైకే. దానికి ఎవరు మొరిగారో తెలీదు, అసలు మొరుగో విజిలో తెలీదు. చప్పుడైతే చాలు, ఆ మెడకి కరెంటు కొట్టడమే. విశాఖలో ఏ వీధిలోనైనా వీధి కుక్కలు ఉంటాయి. అవి రాత్రి మొరుగుతూనే ఉంటాయి. అంటే వాటి మొరుగుడికి శిక్ష రాత్రంతా మా ఇంట్లో పడుకున్న వాడికి పడింది. మీ సరుకు ఎక్కడ అమ్ముడవుతుందో మీకు తెలుసు, అక్కడ వీధి కుక్కలు ఉంటాయనీ తెలుసు. తెలిసి అమ్మారు కాబట్టే దీన్ని చిన్న లోపం అని ఊరుకోలేకపోతున్నాను.

తర్వాత జరిగింది ఇంకా కష్టం. దెబ్బ తగిలినప్పుడు అది ఎక్కడినుంచి వచ్చిందో కుక్కకి తెలియదు. ఆ క్షణంలో ఎదురుగా ఏది ఉంటే, చెవిన ఏది పడితే, దానివల్లే నొప్పి వచ్చిందని గుర్తుపెట్టుకుంటుంది. లిఫ్ట్ తలుపు తెరుచుకునే చప్పుడుకి కాలర్ షాక్ కొట్టింది. లిఫ్ట్‌లోంచి దిగింది మా వాచ్‌మన్. అంతకుముందు ఆయన్ని చూస్తే పండు తోక కాదు, నడుమంతా ఊపేవాడు. ఇప్పుడు ఆయన్ని చూస్తే వెనక్కి నక్కి గుర్రుమంటున్నాడు. ఆయన మనసు ఎంత నొచ్చుకుందో నేను మీకు చెప్పలేను. "నేనేం చేశానమ్మా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మొరుగుడు తగ్గిందా అంటే, కొన్నాళ్లు తగ్గింది. మీరు అమ్మేది ఆ కొన్నాళ్లనే. ఎందుకు తగ్గిందో మాత్రం మీ డబ్బా మీద రాయలేదు. మొరగడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దగ్గరికి రాకు, నాకు భయంగా ఉంది అని చెప్పే మాట. దాన్ని నొక్కేస్తే భయం పోదు, చెప్పడం పోతుంది. చెప్పకుండా పళ్లు వేయడం మిగులుతుంది. ఆగస్టులో ఒక పొద్దున్న పాలబ్బాయి ప్యాకెట్లు ఇస్తుంటే పండు కిక్కురుమనకుండా వచ్చి ఫ్యాంటు అంచు పట్టుకున్నాడు. చర్మానికి తగల్లేదు, వీడికి రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నాం. అయినా ఆ కుర్రాడు వణికిపోయాడు. వాళ్లమ్మ వచ్చి గుమ్మంలో నిలబడితే మా తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఇక మెడ సంగతి. రోజంతా ఉంచవచ్చని రాశారు కదా. విశాఖ ఉక్కపోత మీరు ఎరుగుదురో లేదో, ఇక్కడ వర్షాకాలంలో తడి టవల్ ఆరేసరికి వాసన వస్తుంది. రెండు ఇనుప మొనలు ఒకేచోట చర్మాన్ని ఒత్తుతుంటే, కింద చెమ్మ ఆరకపోతే ఏమవుతుందో ఊహించుకోండి. జుట్టు రాలి, రెండు రూపాయి బిళ్లలంత మేర ఎర్రగా పచ్చి పుండ్లు పడ్డాయి. అవి షాక్ వల్ల కాలినవి కావు, ఒత్తిడి వల్ల పడ్డవని డాక్టర్ గారు చెప్పారు. కరెంటు ఆపేసినా ఆ మొనలే ఆ పని చేస్తాయట. ఇలాంటి కాలర్లు రోజుకి కొన్ని గంటలకి మించి ఉంచకూడదని, మధ్యమధ్య చోటు మార్చాలని ఆయన చెప్పిన మాట మీ కాగితంలో ఒక్క ముక్క లేదు. ఆ కాగితమైనా చీనా భాషలోనూ, సగం అర్థంకాని ఇంగ్లీషులోనూ ఉంది. డబ్బా మీద దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా కూడా లేవు. అవి ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి.

కాలర్ తీసేశాక పండు మొరుగుడికి ఏం చేశామో కూడా రాస్తున్నాను. "మరి వేరే దారేముంది మేడమ్?" అని మీ అబ్బాయి ఒకడు అడిగాడు. దారి ఉందండీ, డబ్బాలో పెట్టి అమ్మడానికి వీల్లేదంతే.

డాక్టర్ గారు ముందు అడిగిన ప్రశ్న: ఎప్పుడు మొరుగుతున్నాడు, దేన్ని చూసి? బాల్కనీలో దేన్నో చూసి మొరగడం వేరు, ఒంటరిగా వదిలితే మొరగడం వేరు, తోచక మొరగడం వేరు, చెవినొప్పితోనో ఒంటినొప్పితోనో మొరగడం వేరు. నాలుగింటికీ ఒకే మందు ఉండదు. పండుది చాలావరకు మొదటిది, కొంత తోచకపోవడం. బాల్కనీ గ్రిల్‌కి కింద సగం గ్రీన్ నెట్ కట్టాం. రోడ్డు కనబడకపోయేసరికే సగం గొడవ తగ్గింది. మా వారు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, ఆయన లేనప్పుడు నేనే తెల్లవారకముందు బీచ్ రోడ్డు వైపు తీసుకెళ్తున్నాను. పరుగులు పెట్టించడం కాదు, దారిలో వాడికి నచ్చినంతసేపు వాసన చూడనివ్వడం. ముక్కుకి పని దొరికిన రోజు వాడు ఇంటికొచ్చి హాయిగా పడుకుంటాడు. పొద్దున తిండి గిన్నెలో పెట్టడం మానేసి పాత టవల్‌లో చుట్టి ముడులు వేసి ఇస్తున్నాం. విప్పుకుని తినడానికి చాలాసేపు పడుతుంది.

లిఫ్ట్ చప్పుడు అయిన ప్రతిసారీ, వాడు నోరు తెరిచేలోపే, ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్ ముక్క వేలెడంత. మొదట్లో ఫోన్లో రికార్డు చేసిన లిఫ్ట్ చప్పుడుని బాగా చిన్నగా పెట్టి మొదలుపెట్టాం, మెల్లగా పెంచాం. ఇప్పుడు లిఫ్ట్ ఆగితే వాడు తలుపు వైపు కాకుండా నా చేతి వైపు చూస్తున్నాడు. అత్తయ్యకి మాత్రం ఒకటే షరతు పెట్టాల్సి వచ్చింది: వాడు మొరిగితే "నోర్ముయ్యరా" అని గట్టిగా అరవకూడదు. మనం అరిస్తే ఇంట్లోవాళ్లూ తనతో కలిసి మొరుగుతున్నారనే అనుకుంటుంది కుక్క. ఆవిడకి ఇది మింగుడుపడటానికి పండుకి పట్టినంత కాలం పట్టింది. వాచ్‌మన్‌తో స్నేహం ఇంకా పూర్తిగా కుదరలేదు. ఆయన రోజూ దూరం నుంచి ఒక బిస్కెట్ విసిరి, కళ్లలోకి చూడకుండా వెళ్లిపోతున్నాడు. దీపావళికి టపాసులు ఇంకా ముందున్నాయి. మీ కాలర్ లేకుంటే ఆ చప్పుళ్లకి ఇంత భయపడాల్సిన పని వీడికి ఉండేది కాదు.

ఇప్పుడు నాకు కావలసినవి. కాలర్ ఖరీదు 2,799 రూపాయలు, పుండ్ల వైద్యానికి అయిన 1,850 రూపాయలు వాపసు ఇవ్వండి. పది రోజుల వాపసు గడువు దాటిందని మీ మెయిల్లో రాశారు. లోపం ఉన్న సరుకుకి మీరు పెట్టుకున్న గడువుతో సంబంధం లేదు, ఫిర్యాదు చేయడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం రెండేళ్లు ఇస్తోంది. ప్రకటనలో నొప్పి ఉండదన్న మాట, రోజంతా ఉంచవచ్చన్న మాట, పశువైద్యుల సిఫారసు అన్న మాట తీసేయండి. లేదా సిఫారసు చేసిన వైద్యుడెవరో చూపించండి. ఇప్పటికే కొన్నవాళ్లందరికీ, బయటి చప్పుళ్లకి కూడా ఇది షాక్ కొడుతుందనీ, మెడ మీద పుండ్లు పడతాయనీ మెసేజ్ పంపండి. డబ్బు ఇచ్చి ఈ మూడోది ఎగ్గొడితే నేను ఒప్పుకోను. ఇంకో ఇంట్లో ఇంకో కుక్క ఈ రాత్రి కూడా వీధి కుక్కల మొరుగుడికి షాక్ తింటూ ఉంటుంది.

జంతువుకి అనవసరమైన నొప్పి కలిగించడం 1960 జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. నోరు తెరవని కుక్కకి కొట్టిన షాక్‌కి అవసరం ఏమిటో మీ లాయర్ గారినే అడగండి. వేల్స్ దేశంలో కుక్కలకీ పిల్లులకీ షాక్ కాలర్లు వాడటాన్ని 2010లోనే నిషేధించారు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అనే ఆటోమేటిక్ మెయిల్‌ని నేను జవాబు కింద లెక్క వేయను. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా నేను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు దానికి ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు. కాలర్ మాత్రం అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది. కొరియర్ అబ్బాయిని పంపి ముందు అది తీసుకెళ్లి, తర్వాత మాట్లాడదాం అనకండి. కమిషన్ వారికి చూపించాల్సి వస్తే కుక్కర్ తెచ్చుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.

జతపరిచినవి: బిల్లు, టెస్ట్ బల్బు వీడియో, పండు మెడ ఫోటోలు, డాక్టర్ గారి చీటీ, మందుల రసీదు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్లు, మీ మెయిల్ నకలు.