ఠంగుమన్న పాకం

శ్రీకాకుళం

ప్రియమైన మిత్రమా,

మొన్న రథసప్తమికి అరసవల్లి వెళ్లాను. తెల్లవార్లూ వరుసలో నిలబడి సూర్యనారాయణ స్వామి నిజరూప దర్శనం చేసుకుని బయటికి రాగానే, చిన్ననాటి అలవాటు కొద్దీ కాళ్లు మిఠాయి దుకాణాల వైపు నడిచాయి. "జీళ్లు ఉన్నాయా బాబూ?" అని అడిగితే, కొట్లో కుర్రవాడు మర్యాదగా పలాస జీడిపప్పు పొట్లం తీసి చేతిలో పెట్టాడు. అతని తప్పేమీ లేదు. బెల్లం జీళ్లన్న మాటైనా చెవిన పడకుండానే అతను పెద్దవాడయ్యాడని తెలిసి నాకు గుండె కలుక్కుమంది.

మన వీధి చివర తాత జీళ్లు చేసే అరుగు నీకు గుర్తుండే ఉంటుంది. పాకం చుక్కను చన్నీళ్ల గిన్నెలో వేసి, ఉండ కట్టాక తీసి పళ్లేనికేసి కొట్టేవాడు. ఠంగుమంటేనే పొయ్యి మీంచి దించడం, లేకపోతే మరికాసేపు. నూనె రాసిన పళ్లెంలో పోసిన పాకం చెయ్యి పట్టేంత వేడికి రాగానే ముద్ద చేసి, గోడ మేకుకు తగిలించి, "గుంటలూ, దూరంగా ఉండండి" అంటూ బారెడు పొడవు లాగి, మడిచి, మళ్లీ తగిలించేవాడు. లాగుతున్న కొద్దీ నల్లబెల్లం తేనె రంగుకు, ఆ తరువాత ఎండుగడ్డి రంగుకు తిరిగేది. తాత మనకు తెలియకుండా ఏదో కలుపుతున్నాడని నీవు పందెం కట్టావు. మడతమడతకూ లోపల గాలి చిక్కుకోవడం వల్లనే ఆ రంగు తేలుతుందని, పంటి కింద ఫెళ్లున విరగడానికీ అదే కారణమని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. చివరికి నువ్వుల్లో దొర్లించి కత్తెరతో ముక్కలు కోసేవాడు. మీ నాన్నగారి పాత సైకిలు పెడలు ఇచ్చి నీవు నాలుగు జీళ్లు తెచ్చిన రోజున, లెక్క పెట్టి రెండు నా చేతిలో పెట్టావు.

తాత పోయాక ఆ అరుగు మూతపడింది. బెల్లం గాలిలోని తేమను ఇట్టే లాగేస్తుంది కనుక, మన సముద్రపు గాలికి జీళ్లు రెండు రోజుల్లో ఒకదానికొకటి అంటుకుపోతాయి. నెలల తరబడి నిలవుండే యంత్రాల మిఠాయి పక్కన అటువంటి సరుకును ఏ కొట్టువాడు పెట్టుకుంటాడు? అయినా పొద్దున చేసి సాయంత్రానికి అమ్ముకునే తిరునాళ్లలోనైనా అవి బతికి ఉండవలసింది.

ఈ ఆదివారం ఇంట్లో ప్రయత్నించాను. మొదటి పాకం పలుకులు కట్టింది. అమ్మ చెప్పినట్టు రెండోసారి నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఠంగుమంది. ఆ చప్పుడుకు అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కానీ లాగడం పూర్తి కాకముందే ముద్ద గట్టిపడిపోయింది. తాత చేతి వేగం నాకు లేదు, ఇద్దరం అందుకుంటే గాని అది సాగదు. పెరటి గోడకు మేకు కొట్టి ఉంచాను. గాలిలో తేమ ముదరకముందే, శివరాత్రికి రా.

నీ మిత్రుడు