యుకలేలే బొమ్మ గిటార్ కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో పిల్లల సంగీతం క్లాసుల మీద వేసిన కథనంలో యుకలేలేని "నాలుగు తీగల బొమ్మ గిటార్" అన్నారు. కథనం బాగుంది, ఆ ఒక్క మాటే మింగుడుపడలేదు. మా ఇంట్లో దాదాపు వందేళ్ల నాటి యుకలేలే ఒకటి ఉంది. బొమ్మే కదా అనుకున్న ఒకాయన చేతిలో పెట్టి దాన్ని సగం పాడుచేసుకున్నదాన్ని కాబట్టి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

యుకలేలే పుట్టింది హవాయిలో. 1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగీసు వాళ్ల మదైరా దీవి నుంచి చెరకు తోటల పనికి జనాన్ని ఎక్కించుకుని హొనొలులు చేరింది (మన తెలుగువాళ్లు మారిషస్, నటాల్ తోటలకు ఓడలెక్కిందీ ఆ శతాబ్దంలోనే). ఆ ఓడలో మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జోసె దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులు ఉన్నారు. తర్వాత వాళ్లు హొనొలులులో కొట్లు పెట్టుకుని, తమ దీవిలో వాయించే మషెత్ అనే బుల్లి వాద్యాన్ని అక్కడి కోవా చెక్కతో చేయడం మొదలుపెట్టారు. కోవా మన తుమ్మకు చుట్టమే. ఆకారం మషెత్‌ది, శ్రుతి మాత్రం రజావ్ అనే ఇంకో మదైరా వాద్యానిది. అందుకే యుకలేలేలో అన్నిటికన్నా పైనుండే తీగ గిటార్‌లోలా మంద్రంగా మోగదు, పక్క తీగకన్నా హెచ్చు స్వరంలో మోగుతుంది. గిటార్‌ని కుదించి చేసిన వస్తువైతే అలా ఉండదు కదా! హవాయిని ఏలిన కలాకావా రాజు దీన్ని తన కొలువులోకి తెచ్చుకున్నాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రపంచ ప్రదర్శనలో హవాయి వాళ్ల మంటపం చూశాక అమెరికాకు యుకలేలే పిచ్చి పట్టింది.

గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ కూడా మొదట మీలాగే పొరబడింది. 1907లో చిన్న గిటార్ చేసినట్టే స్ప్రూస్ అనే చెక్కతో ముందు పలక వేసి, లోపల గట్టిగా దబ్బలు బిగించి చేస్తే ఎవరికీ నచ్చలేదు. మళ్లీ 1916 ప్రాంతంలో అంతా పల్చని మహాగనితో, లోపల బరువు తగ్గించి చేశారు. 1920లలో ఆ కంపెనీ గిటార్లకన్నా ఇవే ఎక్కువ అమ్మింది.

మా దగ్గరున్నది ఆ కాలంలో ఆ కంపెనీ చేసిందే, స్టైల్ 1 అనే రకం. ఇక్కడ కాలిఫోర్నియాలో మా వీధిలో పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లమ్మది అని ఇచ్చింది. సీరియల్ నంబరు లేదు, తొలినాళ్లలో చేసిన కొన్నిటికి తప్ప వీటికి నంబర్లు వేయలేదు. తల వెనక అచ్చుగుద్దిన పేరూ, వీణకున్నట్టు చెక్క బిరడలూ చూసి 1920ల మధ్యకు ముందుదని చెప్పాలి. పన్నెండు మెట్లు. అరకిలో కూడా తూగదు. పలక మందం రెండు మిల్లీమీటర్లలోపే. బొబ్బిలి వీణ కుండ మీద వేలితో కొడితే పనస చెక్క పలుకుతుంది చూడండి, ఇదీ అలాగే పలుకుతుంది. చెక్కలన్నీ సరేసుతో అతికించారు, ఆ పాత వడ్రంగి జిగురు వేడికీ తడికీ వదులుతుంది. అది లోపం కాదు. ఎప్పుడైనా విప్పి బాగుచేసుకోవాలంటే ఆ గుణమే కావాలి.

రెండేళ్ల క్రితం వానాకాలంలో విశాఖ వచ్చినప్పుడు వెంట తెచ్చాను. ఆ తేమకి గుర్రం, అదే బ్రిడ్జి, ఒక పక్క లేచింది. దగ్గర్లోని షాపులో ఇస్తే అతను క్షణాల్లో పట్టేసే జిగురు పోసి, నైలాన్ తీగలు తీసేసి స్టీలు తీగలు కట్టి, అడక్కుండానే స్పిరిట్ పాలిష్ కొట్టి "కొత్తదానిలా చేశానమ్మా" అని చేతికిచ్చాడు. పాపం, అతనూ మంచికే చేశాడు. పది రోజులకు పలక ఉబ్బింది, ఆ తర్వాత స్టీలు తీగల లాగుడికి గుర్రం కింది చెక్క పేళ్లతో సహా ఊడివచ్చింది.

ఇక్కడికి తిరిగొచ్చాక పాత వాద్యాలు బాగుచేసే ఒకాయన ఆ గట్టి జిగురంతా గీకి, పోయిన చెక్కకు అతుకు వేసి, సరేసుతోనే గుర్రాన్ని మళ్లీ నిలబెట్టాడు. నైలాన్ తీగలు వేశాడు, స్వరం చాలావరకు తిరిగొచ్చింది. పాలిష్ కింద పోయింది మాత్రం తిరిగిరాదు. రంధ్రానికి పైన, దండి మొదట్లో, ఆ పెద్దావిడ తల్లి గోళ్లు ఏళ్ల తరబడి రాసుకుని అర్ధచంద్రంలా చెక్క తేలిన చోటు ఉండేది. ఇప్పుడక్కడ మిగతా అంతటిలాగే నున్నగా మెరుస్తోంది. ఆ పెద్దావిడ మొన్న మా ఇంటికొచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని, అలవాటుగా వేలితో ఆ చోటే వెతికింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

వచ్చే ఆదివారం ఆ "బొమ్మ" అన్న మాట సవరించి రెండు ముక్కలు వేయండి. వీలైతే పాత యుకలేలేకి స్టీలు తీగలు కట్టొద్దని కూడా.

ఇట్లు,
మీ పాఠకురాలు, శాన్ హోసే, కాలిఫోర్నియా