పదేళ్లకే దిగిపోయిన ప్రీమియర్

సంపాదకులకు నమస్కారం.

కెనడా అంటే వీసాల వార్తలేనా, అక్కడి ఒక ప్రావిన్స్‌కు (రాష్ట్రానికి) ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రిలా, పనిచేసిన ఫ్రాంక్ మెకెన్నా లాంటివాళ్ల గురించి కూడా రాయండి. 1987లో న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్స్‌లో ఆయన నడిపిన లిబరల్ పార్టీ ఉన్న 58 సీట్లూ గెలిచింది, సభలో ప్రతిపక్షమే లేదు! అంత బలం ఉండి కూడా పదేళ్లే ఉంటానన్న మాట మీద నిలబడి 1997లో సరిగ్గా పదేళ్లకు పదవి వదిలేశారు, కాల్ సెంటర్లు రప్పించి అక్కడివాళ్లకు ఉద్యోగాలు తెచ్చిందీ ఆయనే. 2005లో అమెరికాలో కెనడా రాయబారి అయ్యారు. మరుసటి ఏడాది కెనడా రాజధాని ఒట్టావాలో కేంద్ర ప్రభుత్వం మారగానే రాజీనామా. నాకు నచ్చనిది ఒకటే, అదే 2006లో కెనడాకు చెందిన టీడీ బ్యాంకులో డిప్యూటీ చైర్మన్‌గా చేరిపోవడం. చట్టప్రకారం తప్పు అనను గానీ, రాయబారి పనికీ బ్యాంకు పదవికీ మధ్య రెండు మూడేళ్లయినా ఎడం ఉండాల్సింది.

– ఒక పాఠకుడు