బాబాయ్ డబ్బు సంగతి

ఒరేయ్ శీనూ,

బాబాయ్‌గారి రిటైర్మెంట్ డబ్బు 12 లక్షలు ఇంకా సేవింగ్స్‌లోనే మూలుగుతోందని నువ్వన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదు. ఫోన్‌లో తెగే సంగతి కాదని రాస్తున్నా.

కొన్ని బ్యాంకులు 444 రోజుల ఫిక్సెడ్ డిపాజిట్ (ఎఫ్‌డీ)కి మాత్రం వడ్డీ ఎక్కువెందుకిస్తాయి, ఆ లెక్కేమిటని అడిగావు కదా. చెన్నైలో మా బ్యాంకు ట్రెజరీలో ఆల్కో మీటింగ్ అని ఒకటి జరుగుతుంది, బ్యాంకుకి వచ్చే డబ్బునీ ఇచ్చిన అప్పుల్నీ బేరీజు వేసే కమిటీది. రేట్లు తేలేది అక్కడే. ముందు తీసేది ఒక పట్టిక. ఏ నెలలో ఎన్ని డిపాజిట్లు మెచ్యూర్ అవుతాయి, ఏ నెలలో ఎంత అప్పు తిరిగొస్తుంది అని. ఏడాది దాటాక ఎక్కడో లోటు కనిపించిందనుకో, ఆ వ్యవధికి డబ్బు లాగాలి. అన్నిటికీ వడ్డీ పెంచితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఆ 444కి మాత్రం కాస్త ఎక్కువ వేసి బోర్డు కడతారు, మిగతావాటికి మామూలు రేటే. అంటే ఆ రేటు చెప్పేది ఆ బ్యాంకుకి ఇప్పుడున్న అవసరం.

ఇక ఖర్చు. నువ్వు వేసిన 100లో 3 రూపాయలు సీఆర్ఆర్ (తప్పనిసరి నగదు నిల్వ) కింద రిజర్వు బ్యాంకులో పెట్టాలి, దాని మీద పైసా వడ్డీ రాదు. ఇంకో 18 ఎస్ఎల్ఆర్ (సులువుగా నగదయ్యే ఆస్తుల్లో ఉంచి తీరాల్సిన వాటా) కింద, ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలోకి పోతుంది. వడ్డీ రాని ఆ 3 పోగా మిగిలిన 97 మీదే సంపాదించాలి కాబట్టి, ఆరున్నరకి తెచ్చిన ఎఫ్‌డీ బ్యాంకుకి నిజానికి 6.7 పడుతుంది. మరి పెద్ద బ్యాంకులు ఎలా తట్టుకుంటున్నాయంటావా? సేవింగ్స్ వల్ల. స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి సేవింగ్స్‌కిచ్చేది రెండున్నర శాతం. నూటికి 40 అలాంటి డబ్బు, 60 ఆరున్నర ఎఫ్‌డీలు ఉన్నాయనుకో, సగటు 4.9కి దిగుతుంది. చిన్న బ్యాంకు దగ్గర ఆ 40 ఉండదు, అందుకే ఏడూ ఏడున్నరా ఇచ్చి పిలుస్తుంది.

సేవింగ్స్ రేటు మీద రిజర్వు బ్యాంకు 2011 అక్టోబరులో పట్టు వదిలేసింది. అప్పుడది 4 శాతం. పోటీ వచ్చి పెరుగుతుందనుకున్నారు చాలామంది. పెద్ద బ్యాంకుల్లో తగ్గింది, ఎందుకంటే ఆ డబ్బు కదలదు. మార్చి నెలాఖరుకి చూడాలి, 3 కోట్లు పైబడిన డిపాజిట్‌కి కంపెనీలవాళ్ళు 0.05 శాతం కోసం ఫోన్లలో గీచిగీచి బేరమాడతారు. బాబాయ్‌లాంటి పెన్షనర్లు అడగరు. వాళ్ళు అడక్కపోవడం వల్లే బ్యాంకుకి డబ్బు చవగ్గా దొరుకుతోంది. అది నాకు కడుపు రగిలే విషయం రా.

నీ హౌసింగ్ లోను ఈఎంఐ తగ్గిందన్నావు. 2025లో రెపో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 6.50 నుంచి 5.25కి దిగింది. 2019 అక్టోబరు నుంచి ఇచ్చే ఫ్లోటింగ్ హౌసింగ్ లోన్లు బయటి బెంచ్‌మార్కుకి ముడిపడ్డాయి, చాలామటుకు రెపోకే. రెపో దిగితే ఆ లోన్ల వడ్డీ మూడు నెలల్లోపు దిగాలి. పాత ఎఫ్‌డీలకి మాత్రం ఒప్పుకున్న వడ్డీ చివరిదాకా ఇవ్వాల్సిందే. రాబడి ముందు పడిపోతుంది, ఖర్చు నిదానంగా దిగుతుంది. ఆ నొప్పి తీర్చుకోవడానికి కోత పడేది కొత్త డిపాజిట్ల మీద.

అలాగని పెద్ద రేటు కనబడగానే అంతా ఒకేచోట పెట్టకు. ఇక్కడే మద్రాసులో 1906 అక్టోబరులో అర్బత్‌నాట్ కంపెనీ అనే బ్యాంకు దివాలా తీస్తే దాచుకున్నవాళ్ళు వీధిన పడ్డారు. ఆ దెబ్బ తిన్న ఊళ్ళోనే మరుసటేడు ఇండియన్ బ్యాంకు పెట్టారు. అప్పుడు డిపాజిట్ ఇన్సూరెన్స్ లేదు. ఇప్పుడు ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల దాకా ఉంది, అసలూ వడ్డీ కలిపి, బ్రాంచీలు ఎన్నున్నా సరే.

అందుకని మూడు బ్యాంకుల్లో తలా 4 లక్షలు వెయ్యి, వడ్డీకీ చోటు మిగులుతుంది. సేవింగ్స్‌లో ఏడాదికి 30,000 వస్తే, ఆరున్నరకి 78,000. నెలకి నాలుగు వేల తేడా, పిన్ని మందులకి సరిపోతుంది. సీనియర్ సిటిజన్లకి సాధారణంగా అర శాతం ఎక్కువిస్తారు, అడిగి రాయించు.

బాబాయ్ పేర పాత ఎఫ్‌డీలేమైనా ఉంటే వాటి మెచ్యూరిటీ తేదీలు వాట్సాప్‌లో పెట్టు. ఆటో రెన్యువల్ అని ఉంటే, ఆ రోజు ఏ రేటుంటే ఆ రేటుకే మళ్ళీ వేసేస్తారు. అంతకుముందే నేను చూసి చెప్తాను.

నీ
రాజు