అమ్మా, వాడితో తెలుగులోనే మాట్లాడు

నైమేఖన్, నెదర్లాండ్స్
ఆదివారం

అమ్మా,

ఫోన్లో చెబితే "సరేలే, నువ్వు తిన్నావా లేదా అది చెప్పు" అని మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

బుజ్జిగాడి ప్లేస్కూలు వాళ్ళు "ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలతో బాబు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు, అందుకే మాటలు ఆలస్యం" అన్నారని వదిన చెప్పింది. అన్నయ్య సరేనన్నాడట. నువ్వేమో నాకెందుకొచ్చిన గొడవ అని వాడి దగ్గర నోరు కట్టేసుకుని కూర్చుంటున్నావట. మల్కాజ్‌గిరి మార్కెట్లో నువ్వు బేరమాడితే పక్క వీధికి వినబడుతుంది, అలాంటిది మనవడికి నీళ్ళు పోస్తూ "కమ్, సిట్, ఈట్" అని మూడు మాటలతో సరిపెడుతున్నావా! విన్నప్పుడు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. నీ మీద కాదు.

నా పని గురించి చుట్టాలు అడిగితే "ఏదో కంప్యూటర్ల పనిలేవే" అని చెబుతున్నావని నాకు తెలుసు. నా పని ఇదే అమ్మా. పిల్లలకు మాట ఎలా వస్తుంది, ఎదుటివాళ్ళ మాట మన చెవికీ బుర్రకీ ఎలా అందుతుంది అన్నదే. కాబట్టి ఈ ఒక్క విషయంలో స్కూలు వాళ్ళ కంటే నా మాటకు కాస్త ఎక్కువ విలువివ్వు.

రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది చాలా పాత నమ్మకం. పరిశోధనలు దాన్ని బలపరచలేదు. రెండు భాషల ఇళ్ళలో పిల్లలు కూడా మొదటి మాట ఏడాది అటూఇటూగానే అంటారు. చిక్కంతా లెక్కలో ఉంది. ఒక్కో భాషలో ఎన్ని మాటలొచ్చో విడిగా లెక్కేస్తే తక్కువ కనిపిస్తాయి, రెండూ కలిపితే మిగతా పిల్లలతో సమానంగా వస్తాయి. మనవాడు "బువ్వ, తాత, దా" అంటాడు, "బాల్, బై" అంటాడు, ఆటో కనబడితే "చలో" అంటాడు. స్కూల్లో లెక్కలోకి వచ్చింది బాల్, బై మాత్రమే. పుట్టుకతోనే ఎదుగుదలా మాటా నెమ్మదించే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్ని పరిశీలించినా, రెండో భాష వల్ల కొత్తగా వచ్చిపడిన నష్టమేమీ కనబడలేదు.

ఇంకో సంగతి. పిల్లాడు బడి గుమ్మం తొక్కేసరికే సగం కథ అయిపోయి ఉంటుంది. 1988లో ఫ్రాన్సులో నాలుగు రోజుల పసికందులకు ఫ్రెంచి, రష్యన్ మాటలు వినిపించి చూశారు. ఆ రెంటికీ తేడా పట్టేశారు పిల్లలు. మాటలు స్పష్టంగా తెలియకుండా, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు లయ మాత్రమే వినబడేలా చేసినా పట్టారు. కడుపులో ఉన్నప్పుడే తల్లి మాట తీరు చెవిన పడుతుంది కదా. వదిన ఏడో నెల దాకా నీ దగ్గర, ఆ తర్వాత పురుడు అయ్యేదాకా ఖమ్మంలో వాళ్ళమ్మ దగ్గర. వాడు పుట్టకముందు నుంచీ విన్నది తెలుగే.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం 1984 నాటిది. కెనడాలోని వాంకూవర్‌లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు చేశారు. హిందీలోని ట, త శబ్దాలను ఇంగ్లిష్ ఇళ్ళ పిల్లలకు వినిపించారు. పసిపిల్లల్ని ఎలా అడుగుతారంటావేమో. శబ్దం మారినప్పుడు పిల్లాడు తల తిప్పితే పక్కన బొమ్మ వెలిగి ఆడుతుంది. నాలుగుసార్లు అలా జరిగితే, తేడా వినబడినప్పుడల్లా వాడే తిరిగి చూస్తాడు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది ట, త తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలల వాళ్ళలో పట్టినవాళ్ళు దాదాపు లేరు. ఇంట్లో అక్కరకు రాని తేడాను చెవి ఏడాది తిరక్కుండానే వదిలేస్తుందన్నమాట. ఇక్కడ నా పక్క సీటు డచ్చి అమ్మాయికి "పాట", "పాత" ఒకటే. ఎన్నిసార్లు అన్నా "రెండూ ఒకటేగా" అని నన్నే అనుమానంగా చూస్తుంది. మనవాడి చెవి మాత్రం ఈపాటికే మన శబ్దాలకు కుదురుకుంది. అది నీ చలవే.

ఇప్పుడు ఆ ఫోను సంగతి. స్కూలు వాళ్ళు ఇంగ్లిష్ రైమ్స్ లింకులు పంపితే, వాడు అన్నం తినేంతసేపూ అవే పెడుతున్నారట కదా. 2003లో అమెరికాలో ప్యాట్రిషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. కొందరి దగ్గర మనిషే కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకం చదువుతూ మాట్లాడారు. నెల రోజుల్లో 12 సార్లు, అన్నీ కలిపి అయిదు గంటలుంటుందేమో. మరికొందరికి అవే మాటలు, అదే మనిషి, కానీ తెర మీద. మనిషి దగ్గర కూర్చున్న పిల్లలు ఆ శబ్దాల తేడా నేర్చేసుకున్నారు. తెర ముందు కూర్చున్నవాళ్ళకు ఏమీ అబ్బలేదు. అలాగని ఆదివారం మన వీడియో కాల్ మానేయకు! రెండేళ్ళు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో కూడా కొత్త మాటలు పడతారని 2014లో ఒక అధ్యయనం చూపించింది, అవతలి మనిషి వాళ్ళు చేసినదానికి అప్పటికప్పుడు స్పందిస్తే చాలు. రైమ్స్ వీడియో వాడు ఏమన్నా పట్టించుకోదు. నువ్వు పట్టించుకుంటావు.

మా ఊళ్ళోనే మాక్స్ ప్లాంక్ అనే జర్మన్ పరిశోధక సంఘం వాళ్ళ మనోభాషాశాస్త్ర సంస్థ ఉంది, మనసు భాషను ఎలా నేర్చి వాడుతుందో చూసేది. 1980లో పెట్టారు. అక్కడివాళ్ళు ఇంకొందరితో కలిసి, ఒకరు ప్రశ్న అడిగాక రెండోవాళ్ళు జవాబు అందుకోవడానికి ఎంతసేపు పడుతుందో 10 భాషల్లో కొలిచి 2009లో అచ్చువేశారు. సగటున సెకనులో ఐదో వంతు. జపాన్ వాళ్ళు అసలు ఆగరు, డెన్మార్క్ వాళ్ళు అరసెకను దగ్గర తీసుకుంటారు. ఆ పదింటిలో మన భాషలేవీ లేవు. మన హాల్లో నువ్వూ పిన్నీ మాట్లాడుకుంటుండగా కొలిస్తే లెక్క సున్నా కిందికి పోయేది. అసలు వింత ఏమిటంటే, బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే పెద్దవాళ్ళకు అరసెకను పైన పడుతుంది. మరి ఐదో వంతులో జవాబెలా ఇస్తున్నాం? అవతలివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే మన జవాబు లోపల తయారవుతూ ఉంటుంది. చిన్నపిల్లలకు ఆ నేర్పు రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకని వాడిని ఏదైనా అడిగాక వెంటనే నువ్వే జవాబు చెప్పేయకు, కొంచెం ఆగు. మాకు కథలు చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే ఆపేసేదానివి చూడు, అచ్చం అలాగే. వాడు "ఊ" అన్నా, "ఆ" అన్నా, వేలు చూపించినా వాడి వంతు వాడు తీసుకున్నట్టే.

ఈ పేరా నాన్నకు. నాన్నా, రిటైరయ్యాక మీ గురు లఘువులు వినే పిల్లలు దొరకడం లేదని బాధపడుతుంటారు కదా. చెవిన పడే మాటల ప్రవాహాన్ని ముక్కలు చేసుకోవడానికి ఇంగ్లిష్ వాళ్ళు ఊనికను, అంటే ఒత్తి పలికే చోటును పట్టుకుంటారు, ఫ్రెంచివాళ్ళు పలికే అక్షరాన్ని, జపాన్ వాళ్ళు మాత్రను, అంటే ఒక లఘువు పలికేంత సేపును. ఈ దారిలో ఎక్కువ కృషి చేసిన యాన్ కట్లర్ ఇక్కడి మాక్స్ ప్లాంక్ సంస్థకే చాలా ఏళ్ళు డైరెక్టర్‌గా ఉండేవారు. ఆవిడా ఇంకో ఇద్దరూ కలిసి తెలుగువాళ్ళకు జపనీస్ మాటలు వినిపించారు. ఫలానా ముక్క వినబడగానే మీట నొక్కాలి. ఆ ముక్క మాత్ర అంచుకు సరిగ్గా ఆనకపోతే మనవాళ్ళు తడబడ్డారు, అచ్చం జపాన్ వాళ్ళలాగే! ఆ భాషకూ మనకూ చుట్టరికం లేదు. 2007లో వచ్చిందిది. "నిప్పొన్" అనే మాటకు వాళ్ళ లెక్కలో నాలుగు మాత్రలు, మీ లెక్కలో రెండు గురువులు, అవీ నాలుగు మాత్రలే. మీరే వేసి చూసుకోండి. ఇక తెలుగు మాటలు విన్నప్పుడు మనవాళ్ళ ఫలితాలు అంత తేటగా రాలేదు, అది కూడా వాళ్ళే రాశారు. పరిశోధనలో నాకు నచ్చేది ఆ నిజాయితీ.

అమ్మా, నీ మాటలు మానొద్దన్నానని వాడి సంగతి గాలికి వదిలేయమని కాదు. "మీ అన్నయ్యకు మూడేళ్ళదాకా మాటలు రాలేదు, మగపిల్లలు అంతే" అంటావు. వద్దు. రెండేళ్ళకు, అన్ని భాషలూ కలిపి, 50 మాటలైనా లేకపోతే, "అమ్మ దా", "పాలు వద్దు" లాగా రెండేసి మాటలు కలపకపోతే చూపించాలి. వాడికి రెండేళ్ళు దగ్గరపడుతున్నాయి. ముందు చెవులు. జలుబు చేసినప్పుడల్లా చెవి పట్టుకుని ఏడుస్తాడని నువ్వే చెప్పావు. కర్ణభేరి వెనక నీరు చేరితే నొప్పి తగ్గాక కూడా కొన్నాళ్ళు సరిగా వినబడదు, మనకేమో పిలిస్తే పలుకుతున్నట్టే ఉంటుంది. వస అరగదీసి నాలుకకు రాసే పని మాత్రం పెట్టుకోకు. దానితో మాటలు రావు, పిల్లాడికి వాంతులు పట్టుకుంటాయి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ పేరు మీదున్న వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, బోయిన్‌పల్లి దగ్గర. వినికిడి పరీక్షలూ స్పీచ్ థెరపీ అక్కడే. బెరా టెస్ట్ అంటే భయపడకు, శబ్దం చెవి నుంచి మెదడుకు అందుతోందా అని చూసే పరీక్ష అది, తలకు చిన్న తీగలు అంటించి పిల్లాడు నిద్రపోతుండగా చేస్తారు, నొప్పేమీ ఉండదు. ఉదయం తొందరగా లేపి తీసుకెళితే అక్కడ తేలిగ్గా పడుకుంటాడు.

ఇక స్కూలు. 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది, వీలైనచోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలని. ఏ ప్లేస్కూలు గోడ మీదా అది కనబడదనుకో, ఫీజు కట్టించేది ఇంగ్లిషే కదా. వాడికి ఇంగ్లిష్ వద్దని నేననడం లేదు. హైదరాబాద్‌లో పెరిగేవాడికి ఇంగ్లిష్ రాకుండా ఎక్కడికి పోతుంది, ఉర్దూ కూడా వీధిలోనే వచ్చేస్తుంది. వదినకు ఇంగ్లిష్ ధారాళంగా వచ్చు, తను మాట్లాడితే బాగుంటుంది. నీకు ధారాళంగా వచ్చింది తెలుగు. వచ్చీరాని భాషలో మూడు మాటల కంటే, కూర తరుగుతూ నువ్వు చెప్పే నానా కబుర్లలో వాడికి దొరికే మాటలూ, వాక్యాలూ, సందర్భాలూ ఎన్నో రెట్లు ఎక్కువ. రేపు చదవడం మొదలుపెట్టినప్పుడు కూడా చెవికి ముందే తెలిసిన మాటలే కంటికి ఆసరా.

అన్నయ్యకు ఈ ఉత్తరం ఇవ్వు. వాడికి సెలవు దొరక్కపోతే నువ్వూ నాన్నా ఆటోలో తీసుకెళ్ళండి, వదిన పర్మిషన్ పెట్టుకుని అటు నుంచి వస్తుంది. చెవి ఇన్ఫెక్షన్లకు వాడిన మందుల చీటీలు కూడా పట్టుకెళ్ళండి. రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపండి, అర్థం కానిది నేను చెబుతాను.

నీ కూతురు